ఉప్పల్ మీద తొమ్మిది వేల అడుగులు

నాచారంలో మా ఇంట్లో మాటలకు ఒక పద్ధతి ఉండేది. విమానం వస్తుంటే మాట ఆపాలి. వానాకాలంలో గాలి పడమటి నుంచి వీస్తుంది కాబట్టి బేగంపేట విమానాశ్రయంలో దిగే విమానాలన్నీ తూర్పు నుంచి వచ్చేవి. మల్లాపూర్ వైపు నుంచి, మా మేడకు కాస్త ఉత్తరంగా, చక్రాలు కిందికి వేలాడేసుకుని పోయేవి. వంటింట్లో గిన్నెలు సన్నగా మోగేవి. టీవీలో పెదవులు కదిలేవి గాని మాట వినపడేది కాదు. అప్పుడు అమ్మ కుడిచేతి చూపుడువేలు పైకెత్తి వాక్యాన్ని ఉన్నచోటే ఆపేసేది.

"నేను ఆయనకు మొకం మీదనే చెప్పిన, గా కిరాణం షాపాయనకు..."

వేలు లేచేది. మోత పెరిగి, పెరిగి, తగ్గేది. వేలు దిగేది.

"...బియ్యంల రాళ్లు అమ్ముతున్నవా, రాళ్లల్ల బియ్యం అమ్ముతున్నవా అని."

వింటున్నవాళ్లు ఎక్కడిదాకా విన్నారో మర్చిపోయినా ఆమె మర్చిపోదు. చివరి మాట అనందే ఆమె వాక్యం వదలదు.

నేను అట్లా కాదు. మాట మధ్యలో విమానం వచ్చిందంటే బతికిపోయాననుకునేదాన్ని. మోత తగ్గాక అమ్మ "ఏందో చెప్పబోతివి?" అంటే "ఏం లేదమ్మా" అనేదాన్ని. చుట్టాలొస్తే పుస్తకం పట్టుకుని మేడ మీది నీళ్ల ట్యాంకు నీడలోకి వెళ్లిపోయేదాన్ని. హబ్సిగూడలో అద్దె పుస్తకాల షాపు ఒకటి ఉండేది. అక్కడికి ఏళ్ల తరబడి వెళ్లాను, దాని యజమానితో "ఇది అయిపోయింది" అనే మాట తప్ప ఇంకోటి మాట్లాడిన గుర్తు లేదు. పైకి అనలేనివన్నీ డైరీలో రాసుకునేదాన్ని. అక్కడ మాత్రం నా వాక్యాలు పూర్తయ్యేవి.

అట్లాంటి నేను మాట్లాడటమే పనిగా ఉండే ఉద్యోగంలో చేరాను. ఫిజిక్స్ చదివి, పరీక్ష రాసి, ఉత్తరాదిలో ఏడాది శిక్షణ పూర్తిచేసి బేగంపేటలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌గా వచ్చాను. అమ్మ కాలనీ అంతటికీ ఒకే మాట చెప్పింది: "మా బిడ్డ విమానాలకు తొవ్వ సూపుతది." నాన్న నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాక్టరీలో మిషన్ మీద పనిచేసేవారు. ఆయన మాత్రం భోజనం చేస్తూ ఒకసారి అడిగారు. "మాట్లాడుతవా మరి అక్కడ?"

మాట్లాడతాను. అక్కడ మాట్లాడటం వేరు. టవర్ మీద అద్దాల గదిలో కూర్చునేవాళ్లు రన్‌వేను కళ్లతో చూస్తూ పనిచేస్తారు. దాని కింద, కిటికీలు లేని చీకటి గదిలో, రాడార్ తెరల ముందు కూర్చునేవాళ్లం అప్రోచ్ కంట్రోలర్లం. చుట్టుపక్కల ఆకాశంలోకి వచ్చే విమానాలను ఒక వరుసలోకి తెచ్చి రన్‌వే దాకా నడిపించడం, లేచినవాటిని వాటి దారి ఎక్కించడం మా పని. ఏ రెండు విమానాల మధ్యా పైకీ కిందికీ వెయ్యి అడుగులైనా తేడా ఉండాలి, లేదా పక్కకు కొన్ని మైళ్లయినా దూరం ఉండాలి. మిగతా నియమాలు ఎన్ని ఉన్నా అన్నీ ఈ ఒక్కదాని పిల్లలే. ఆ గదిలో ఎవరూ నా మొహం చూడరు. కుశల ప్రశ్నలు లేవు. చెప్పాల్సింది చెబుతాం, పైలట్ దాన్ని తు.చ. తప్పకుండా తిరిగి చెబుతాడు. నాకు ఆ గది మొదటిరోజే నచ్చింది. ప్రపంచమంతా ఇట్లా మాట్లాడుకుంటే నాకు సిగ్గనేదే ఉండేది కాదనిపించింది.

కాని ఆ కుర్చీలో ఒంటరిగా కూర్చోవాలంటే రేటింగ్ అనే అర్హత రావాలి. దానికి చెక్ అనే పరీక్ష ఒకటి ఉంటుంది. నిజం విమానాలే, నిజం పైలట్లే. మన వెనక పరీక్షించే సీనియర్ రెండో హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చుంటారు. మాట్లాడే స్విచ్ కాలి కింద ఉంటుంది. తొక్కి పట్టుకుంటే మన మాట పైకి వెళ్తుంది, వదిలితే పైలట్ మాట మనకు వినిపిస్తుంది. సీనియర్ కాలి దగ్గరా ఒక స్విచ్ ఉంటుంది. ఆయన తొక్కితే మన మాట ఆగి ఆయన మాట వెళ్తుంది. చెక్ జరుగుతుండగా ఆయన దాన్ని తొక్కారంటే ఇక లేచి బయటికి వెళ్లడమే.

బేగంపేటలో నా మొదటి చెక్ అట్లాగే పోయింది. నేనేం చెప్పినా పైలట్లు "సే అగైన్" అన్నారు. మళ్లీ చెప్పాను. మళ్లీ "సే అగైన్". మూడో విమానం కూడా అదే మాట అనేసరికి వెనక పరీక్షిస్తున్న సార్ తన స్విచ్ తొక్కి, నా వాక్యాలు తన గొంతుతో చెప్పి, వరుస సరిచేశారు. తర్వాత హెడ్‌సెట్ తీసి నావైపు తిరిగారు. ఆయనది విజయనగరం పక్క. మనిషి మంచివారే, మాటకు మాత్రం మొహమాటం లేదు.

"ఏటమ్మా, గుళ్లో నంది చెవిలో కోరిక చెప్పినట్టు చెబుతావు? పైలట్‌కి వినపడొద్దూ?"

రిపోర్టులో గొంతు చాలదని రాశారు. ఇంకొక్క అవకాశం ఉంది. అందులోనూ తప్పితే నన్ను అప్రోచ్ నుంచి తీసేసి, టవర్ ఒక్కటే ఉండే ఏదో దూరపు చిన్న ఊరికి పంపించేస్తారు. అంటే ఆ చీకటి గది ఇక నాది కాదు. నేనా రాత్రి డైరీలో ఏడుపు రాసుకోలేదు. "ఆ గది నాదే" అని రాసుకున్నాను. ఎట్లాగో మాత్రం తెలియదు.

సరిగ్గా అప్పుడే ఆకాశం మొత్తం మారిపోయింది.

శంషాబాద్‌లో కొత్త విమానాశ్రయం తయారవుతోంది. అది తెరిచిన రోజు నుంచి బేగంపేటకు మామూలు విమానాలు రావు. జనం దాన్ని కొత్త టెర్మినల్ గానో, దూరమైన ప్రయాణం గానో చూశారు. మాకు మాత్రం అది ఆకాశాన్ని చెరిపేసి మళ్లీ గీయడం. ఏ దిక్కు నుంచి వచ్చే విమానం ఎక్కడ మలుపు తిరగాలి, ఎంత ఎత్తులో తిరగాలి, ఏ దారి ఏ దారిని ఎక్కడ దాటాలి, అన్నీ మొదటి నుంచి. సీనియర్ల రేటింగ్‌లు కూడా బేగంపేటతోనే పోయాయి. ఇరవై ఏళ్లు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు కూడా సిమ్యులేటర్ ముందు మళ్లీ విద్యార్థులయ్యారు. వాళ్లకు అది చిన్నతనంగా ఉండేది. నాకు లోలోపల బాగుండేది.

కొత్త దారులు గీసే బృందంలో సార్ ముఖ్యులు. బల్ల మీద పెద్ద మ్యాపు పరిచి, రంగు పెన్సిళ్లతో గీసి, రబ్బరుతో చెరిపి, టీ గ్లాసులు మ్యాపు మీద పెట్టినవాళ్లను తిట్టి, మళ్లీ గీసేవారు. ఉత్తరాన చాలా ఆకాశం వైమానిక దళం వాళ్లది, అందులోకి పోకూడదు. కాబట్టి వానాకాలంలో ఢిల్లీ నుంచి దిగివచ్చే విమానాలు నగరానికి తూర్పు పక్కగా వచ్చి, దక్షిణానికి పోయి, చివర్న పడమటికి తిరిగి శంషాబాద్‌లో దిగాలి. అదే కాలంలో అక్కడ పడమటికి లేచిన వైజాగ్ విమానాలు కుడికి తిరిగి నగరం మీదుగా తూర్పుకు వెళ్లాలి. ఎంత జరిపి గీసినా ఈ రెండు దారులూ ఒకచోట అడ్డం పడుతున్నాయి. సార్ ఆ చోట పెన్సిల్ మొన పెట్టి అడిగారు.

"దీని కిందేముంది? ఎవరైనా అటేపుంటారా?"

మ్యాపు అంచు పట్టుకుని నిలబడ్డ నేను చూశాను. "ఉప్పల్ సార్" అన్నాను. "రింగ్ రోడ్డు."

గదిలో నవ్వు లేచింది. వరంగల్ బస్సులు, హబ్సిగూడ ఆటోలు, నాగోల్ లారీలు అన్నీ ఒక్కచోట ముక్కులు ఆనించుకునే ఆ కూడలి తెలియనివాళ్లు అక్కడెవరూ లేరు. సార్ కూడా నవ్వారు.

"బాగుంది. కింద ఒక ఉప్పల్ రింగ్ రోడ్డు, పైన ఇంకోటి. కిందదానికి కనీసం సిగ్నలుంది. పైదానికి మనమే."

చివరికి నియమం ఖాయమైంది. దిగివచ్చేది అక్కడ తొమ్మిది వేల అడుగుల కంటే కిందికి రాకూడదు. ఎక్కిపోయేది ఎనిమిది వేలు దాటకూడదు. ఒకదాన్నొకటి దాటాకే కిందది పైకి, పైది కిందికి. ఆ చోటుకు పద్ధతి ప్రకారం ఐదక్షరాల, అర్థం లేని ఇంగ్లీషు పేరు ఒకటి పెట్టారు. మేమంతా దాన్ని ఉప్పల్ అనే పిలిచాం.

సిమ్యులేటర్‌లో తెర మీది విమానాలు ఉత్తివి. వాటికి పైలట్లు కావాలి కదా, పక్క గదిలో హెడ్‌సెట్లు పెట్టుకుని ఆ పైలట్లుగా మేమే కూర్చునేవాళ్లం. కంట్రోలర్ ఏం చెబితే అది తిరిగి చెప్పి, కంప్యూటర్‌లో ఆ ఎత్తూ దిక్కూ నొక్కడం మా పని. నాకు రేటింగ్ లేదు కాబట్టి రోజూ నన్నే పైలట్‌గా కూర్చోబెట్టేవారు. నా పక్కన నాకంటే ముందు బ్యాచ్ అక్క ఒకామె, హన్మకొండ మనిషి. ఆ గదిలో ఆమె ఉంటే నవ్వు ఆపుకోవడం కష్టం. కంట్రోలర్ తడబడితే మైకు మూసి "సారూ, జర జల్ది దింపుండ్రి, లోపల మా అత్తమ్మ మొత్తుకుంటున్నది" అనేది. వెంటనే మైకు తెరిచి ఏమీ ఎరగనట్టు గంభీరమైన పైలట్ గొంతుతో ఎత్తు చెప్పేది.

ఒకరోజు చివర్లో టైము మిగిలితే నన్ను కంట్రోలర్ కుర్చీలో కూర్చోనిచ్చారు. పైలట్ గదిలోంచి అక్క "సే అగైన్" అంది. ఇంకోసారి "సే అగైన్". సిమ్యులేటర్ ఎక్సర్‌సైజు ఆపేసి అక్క తలుపు తీసుకుని వచ్చింది.

"లే. నా గదిలకొచ్చి కూసో. నిన్ను నువ్వే విను."

ఆ గదిలో మాటలన్నీ రికార్డవుతాయి. అక్క నాది తిప్పి వినిపించింది. నేను కళ్లు దించుకుని విన్నాను. గొంతు చిన్నగానే ఉంది, కాని ప్రతి మాటా తేటగా ఉంది. వాక్యం నిదానంగా సాగి, సరిగ్గా చివరి మాట దగ్గర టక్కున తెగిపోయింది. చివరి మాటే ఎత్తు. చివరి మాటే దిక్కు. అది పోతే పైలట్‌కు ఏం మిగులుతుంది?

"నీ గొంతుకేం రోగం లేదు పిల్లా" అంది అక్క. "నీ కాలుకే తొందర. మాట అయిపోకముందే స్విచ్ ఇడుస్తున్నవ్. ఎవలన్న తరుముతున్నరా నిన్ను?"

నేను నవ్వాను. ఆ రోజు ఆ గదిలో గట్టిగానే నవ్వాను. ఇన్నాళ్లూ అందరూ నా గొంతు గురించే చెప్పారు, నేనూ నమ్మాను, అరవడం నేర్చుకోవాలేమో అని భయపడ్డాను. మాట్లాడటం త్వరగా అయిపోవాలన్న ఆత్రం నా కాలిలో ఉంది. గొంతు మార్చుకోవడం ఎట్లాగో నాకు తెలియదు. కాలును నిలబెట్టడం మాత్రం నేర్చుకోవచ్చు.

ఇంట్లో అమ్మ కుట్టు మిషన్ ఉంది. దాని బల్ల కింద కాలు పెట్టి, పెడల్‌ను తొక్కి పట్టుకుని, తెర మీద చెప్పాల్సిన వాక్యాలు చెప్పి, చివరి మాట పూర్తయ్యాక ఒక ఊపిరి ఆగి వదిలేదాన్ని. అమ్మ చూసి చూసి ఒకరోజు వచ్చి నిలబడింది.

"బట్ట లేదు, దారం లేదు, ఉత్త మిషన్ తొక్కుతున్నవేందే? గొణుగుడొకటి."

"పని నేర్చుకుంటున్నానమ్మా."

"గవర్నమెంటోళ్లు మిషన్ కుట్టుడు నేర్పుతున్నరా ఇప్పుడు?"

చెప్పాను. చివరి మాట తెగిపోతోందని చెప్పాను. అమ్మకు అది వింతగా తోచింది. "సగం మాట చెప్పుడేంది? చెప్తే మొత్తం చెప్పాలె, లేకుంటే మొత్తానికే చెప్పొద్దు" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. అప్పుడే ఒక విమానం వచ్చింది. బేగంపేటకు వచ్చే చివరి రోజుల విమానాల్లో అదొకటి. వంటింటి గుమ్మంలో అమ్మ వేలు లేచింది, ఆగింది, దిగింది. "...ఉప్మా పెట్టిన, వచ్చి తిను."

కాలు దారికొచ్చింది. సిమ్యులేటర్‌లో "సే అగైన్"లు ఆగిపోయాయి. ఇంకొక చిక్కు మాత్రం అప్పుడు బయటపడింది. అది నా ఒక్కదానిదే కాదు.

ఢిల్లీ విమానం ఒకటి తెర మీద తూర్పు పక్కన దిగుతోంది. దాని చుక్క నాచారం మీదికి వచ్చింది. నా చేయి తనంతట తానే స్ట్రిప్పు మీదికి పోయింది. ఒక్కో విమానం వివరాలుండే సన్నని కాగితపు చీటీని మేము స్ట్రిప్పు అంటాం. దాని మీద కింది ఎత్తు రాసేసి, దిగమని చెప్పేశాను. పుట్టినప్పటి నుంచీ మా మేడ మీదున్న విమానమంటే చక్రాలు దించుకున్న విమానమే. బేగంపేటలో నేర్చుకున్నదీ అదే. నాచారం మీదికొస్తే కిందికి దించాలి. కాని ఇది శంషాబాద్‌కు పోయే విమానం. దాని కింద వైజాగ్‌ది ఎక్కుతోంది. రెండు చుక్కలూ ఎర్రబడి మెరిశాయి.

"ఏటమ్మా" అన్నారు సార్ వెనక నుంచి. "దాన్ని మీ ఇంటి డాబా మీద దింపేస్తావేటి?"

అందరూ నవ్వారు. నాకు మొహం చెల్లలేదు. కాని మర్నాడు పైలట్ గదిలో ఉన్నప్పుడు గమనించాను. సీనియర్లు కూడా అదే చేస్తున్నారు. కొందరు ఉప్పల్ మీద, కొందరు మౌలాలి మీద, తమకు తెలియకుండానే దిగమని చెప్పేసి, ఒక క్షణం తర్వాత నాలుక కరుచుకుని దిద్దుకుంటున్నారు. సార్ ఎక్సర్‌సైజుకు కూడా నేనే పైలట్‌ను. ఆయనా ఒకసారి అన్నారు. నేను తిరిగి చెప్పేలోపే "డిస్‌రిగార్డ్", అంటే ఆ మాట వదిలేయమని, ఆపేశారు. గీత గీసిన చేయి ఆయనదే. కాని ఇరవై ఏళ్ల అలవాటు మ్యాపు మారిందని ఒక్కరోజులో వినదు.

నా అలవాటు ఇల్లే కాబట్టి ఇంటి దగ్గరే మాన్పించాలనుకున్నాను. కొత్త విమానాశ్రయం తెరిచారు. నాచారం ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. టీవీ సౌండు తగ్గించుకోవడానికి కాలనీకి కొన్నాళ్లు పట్టింది. అందరూ అరిచినట్టే మాట్లాడుకునేవారు. నేను ఉప్పల్ రింగ్ దగ్గర స్టాఫ్ వ్యాన్ ఎక్కి, ఎల్‌బీనగర్ మీదుగా శంషాబాద్ వెళ్లి వచ్చేదాన్ని. సాయంత్రం డ్యూటీ లేనిరోజు ఆరిన బట్టలు తీసే నెపంతో మేడెక్కేదాన్ని. చక్రాలు వేలాడే విమానాలు ఇప్పుడు లేవు. చాలా పైన, ఉప్పల్ స్టేడియం దిక్కుగా, వెలుగు తగిలిన ఒక గీత మాత్రం జరిగేది. వేలితో దాన్ని చూపిస్తూ పైకే అనుకునేదాన్ని: "తొమ్మిది వేలు. అక్కడే ఉండు. కింద ఒకటి పోతోంది." ఇంకోటి తూర్పుకు ఎక్కుతుంటే: "ఎనిమిది వేలు. ఆగు." అట్లా రోజూ నా కళ్లెదుటే మా మేడ మీది ఆకాశాన్ని పైకెత్తాను. కొన్నాళ్లకు నాచారం నా తలలో దిగే చోటు కాకుండా దాటే చోటైంది.

"ఎవలతోని మాట్లాడుతున్నవే?" అని అమ్మ మెట్ల మీది నుంచి అడిగింది.

"విమానంతో."

"గా విమానం వింటదా?"

"ప్రాక్టీసు."

"విన్నా వినకున్నా మొత్తం చెప్పు" అంది అమ్మ. "సగంల ఇడువకు."

రెండో చెక్ వానాకాలంలో వచ్చింది. మధ్యాహ్నం డ్యూటీ. పరీక్షించేది మళ్లీ సారే. ఆయన వచ్చి నా వెనక కుర్చీ జరుపుకుని, రెండో హెడ్‌సెట్ పెట్టుకుని, "కానీ అమ్మా" అన్నారు. నా కుడికాలు నా స్విచ్ మీద. కంటి కొసన ఆయన నల్లబూటు ఆయన స్విచ్ పక్కన. మొదటి అరగంట మామూలుగా గడిచింది. ముంబయి నుంచి ఒకటి, బెంగళూరు నుంచి ఒకటి, వరుసలో పెట్టి టవర్‌కు ఇచ్చేశాను. ఎవరూ "సే అగైన్" అనలేదు.

తర్వాత ఇబ్రహీంపట్నం వైపు మబ్బు కమ్మింది. ఢిల్లీ విమానం ఉత్తరం నుంచి దిగుతూ, ముందున్న మబ్బు తన రాడార్‌లో కనిపించి, తొందరగా శంషాబాద్ వైపు లోపలికి తిరగాలని, ఇప్పుడే కిందికి దించమని అడిగింది. అదప్పుడు నాచారం మీద, తొమ్మిది వేలలో ఉంది. వైజాగ్ విమానం నిండా బరువుతో మెల్లగా ఎక్కి అప్పుడే ఎనిమిది వేలకు చేరి, తార్నాక దాటి ఉప్పల్ వైపు వస్తోంది. రెండూ కలిసే చోటు నాకు ఇంటి గుమ్మంలా తెలుసు. నేను స్విచ్ తొక్కి మొదలుపెట్టాను. తొమ్మిది వేలలోనే ఉండమని, వేగం తగ్గించమని.

పైలట్ ఎత్తులో ఉన్నాడు, ముందు మబ్బు ఉంది, దూరం తరిగిపోతోంది. ఆ ఒక్క విమానాన్నే చూస్తే నేను ఆలస్యం చేస్తున్నట్టే ఉంటుంది. నా వాక్యం సగంలో ఉండగా నల్లబూటు కదిలింది. స్విచ్ మీదికి వచ్చింది. ఇంకా తొక్కలేదు.

నేను ఆలోచించి చేసింది కాదు. మాట ఆపలేదు, తల తిప్పలేదు. ఎడమచేతి చూపుడువేలు పైకి లేచి సార్ మొహం ముందు నిలబడింది. కాలు స్విచ్ మీదే ఉంది. కింద ఎనిమిది వేలలో అడ్డంగా దాటే విమానం ఉందని, అది దాటగానే దించుతానని చెప్పాను. చివరి మాట దాకా చెప్పాను. చెప్పాక ఒక ఊపిరి ఆగి కాలు తీశాను.

పైలట్ మొత్తం తిరిగి చెప్పాడు. తొమ్మిది వేలు, వేగం, కింద విమానం, దాటాక దిగడం. చివరి మాటతో సహా.

బూటు మెల్లగా వెనక్కి వెళ్లింది.

రెండు చుక్కలూ ఉప్పల్ మీద ఒకదాని మీద ఒకటి ఎక్కి విడిపోయాయి. రంగు మారలేదు. అవి దూరం కాగానే ఢిల్లీ విమానాన్ని దించి, మబ్బుకు ఇవతలే లోపలికి తిప్పాను. వేగం తగ్గి ఉండటంతో మిగిలిన దూరంలోనే నిదానంగా దిగింది. వైజాగ్‌దాన్ని పైకి పంపాను. స్ట్రిప్పులు రెండూ తీసి పక్కన పెట్టాను. ఆ చెక్‌లో ఇంకా సమయం మిగిలి ఉంది గాని నాకు ఇక భయం లేదు.

డ్యూటీ మారాక కారిడార్‌లో టీ మిషన్ దగ్గర సార్ నిలబడ్డారు. రిపోర్టు కాగితం ఆయన చంకలో ఉంది. అక్క కూడా అక్కడే ఉంది, వెళ్లిపోతున్నట్టు నటిస్తూ.

"నా సర్వీసులో నాకు ఎవరూ వేలు చూపించలేదమ్మా" అన్నారు సార్.

"సారీ సార్. అది మా అమ్మ అలవాటు."

"మీ అమ్మగారు కంట్రోలరా ఏటి?"

"కాదు సార్. మా ఇంటి మీద విమానాలు వెళ్లేవి. మాట మధ్యలో వస్తే అట్లా ఆగమని..."

నేను ఆగలేదు. ఆ వేలు ఎట్లా లేస్తుందో, ఎట్లా దిగుతుందో, ఆ తర్వాత మిగతా వాక్యం ఎట్లా వస్తుందో అంతా చెప్పాను. సార్ టీ తాగడం మర్చిపోయి విన్నారు. తర్వాత నవ్వారు.

"ఢిల్లీదే కనబడింది నాకు. ఎత్తులో ఉంది, దించట్లేదు అనుకున్నా. కిందది చూశాను గాని బుర్రకు పట్టలేదు. కన్ను శంషాబాద్‌లో ఉంది, కాలింకా బేగంపేటలోనే ఉంది." ఆయన తన బూటువైపు ఒకసారి చూసుకున్నారు. "రేటింగ్ ఇచ్చేస్తున్నాను. ఇంకో మాట. మళ్లీ అవసరమైతే మళ్లీ చూపించు. నాకైనా సరే."

అక్క ఇక ఆగలేక "చూపుడువేలే కదా సార్, ఇంకో వేలు కాదు కదా" అంది. సార్ ముక్కులోకి టీ పోయింది.

ఇంటికొచ్చి చెబితే అమ్మ మొదట అడిగింది రేటింగ్ గురించి కాదు.

"గంత పెద్ద సారుకు వేలు సూపిచ్చినవా? ఏమనలే?"

"ఏమనలేదు. మాట పూర్తి చేశాను."

అమ్మ నావైపు తిరిగింది. బియ్యం కడుగుతున్న చేయి ఆగింది. "మరి ఏం చెప్పినవ్ గా విమానానికి? మొత్తం చెప్పు, నాకు గూడ." వంటింటి గుమ్మంలో నిలబడి ఇంగ్లీషులో ఎట్లా అన్నానో అట్లాగే, మొదటి నుంచి చివరి మాట దాకా చెప్పాను. ఒక్క ముక్కా ఆమెకు అర్థం కాలేదు. తల పంకించి "మంచిగ చెప్పినవ్" అంది.

ఆ తర్వాతి వారం నా పేరు రోస్టర్‌లో అప్రోచ్ కుర్చీ దగ్గర ఒంటరిగా పడింది. చీకటి గదిలోకి వెళ్లి కూర్చున్నాను. హెడ్‌సెట్ తగిలించుకున్నాను. పక్కన రెండో హెడ్‌సెట్ గుచ్చే రంధ్రం ఖాళీగా ఉంది. వెనక కుర్చీ లేదు. తెర మీద ఉత్తరం నుంచి ఒక చుక్క దిగుతోంది, ఇంకా నగరానికి చాలా దూరంలోనే ఉంది. పైలట్ నన్ను పిలిచాడు. నేను కాలు స్విచ్ మీద పెట్టి, తొక్కి, ఉప్పల్ మీద తొమ్మిది వేల అడుగులు అని చెప్పడం మొదలుపెట్టాను.